నీడపట్టు పని

చిన్నమ్మాయికి నలభై ఏళ్ళు దాటాయి. ఇంట్లో అందరికంటే చిన్నదని పిలిచి పిలిచి, ఆఖరికి రేషన్ కార్డులో కూడా అదే పేరు ఎక్కింది. పేరు విని మెత్తటి మనిషి అనుకున్నవాళ్ళ భ్రమ కుళాయి దగ్గర ఒక్కసారి మాట తేడా వస్తే చాలు, వదిలిపోయేది. కోనసీమలో కాలవ గట్టున ఉన్న ఆ ఊళ్ళో ఆమె నోటికి జడవని మనిషి ఒక్క అబ్బులే. అబ్బులు ఆమె మొగుడు. ఆమె ఎంత గట్టిగా తిడితే అతను అంత హాయిగా నవ్వేవాడు. దాంతో ఆమెకి తిట్టడానికి ఓపిక చచ్చిపోయేది.

అబ్బులు దింపు పని చేసేవాడు. కొబ్బరి చెట్టెక్కి గెలలు కోసి దింపడం. ఆ పనిలో అతనికి మంచి పేరుంది. వంగిన చెట్టూ, కాలవ మీదకి ఒరిగిన చెట్టూ, ఎవరూ ఎక్కని చెట్టూ అతనికే వదిలేసేవారు. పుష్కరాలకి ముందు ఏడాది అతనికి టీబీ వచ్చింది. మనిషి సగమయ్యాడు. మాత్రలు అంగన్‌వాడీ పంతులమ్మ కళ్ళెదుట మింగాలని రూలు పెట్టారు. పంతులమ్మ చూస్తే సరిపోతుంది. కానీ చిన్నమ్మాయికి సరిపోలేదు. ప్రతిసారీ వెంట వెళ్ళి నిలబడేది.

"నోరు తెరువు. నాలిక పైకెత్తు. ఇప్పుడు ఏదన్నా మాట్లాడు," అనేది.

"ఏం మాట్లాడనే?"

"చాల్లే, లోపలికెళ్ళింది. పద."

పంతులమ్మ నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగేది. ఆరు నెలలు తిరిగేసరికి కళ్ళె పరీక్షలో పురుగు లేదన్నారు. జబ్బు తగ్గిపోయింది. ఆ రోజు చిన్నమ్మాయి చేపల పులుసు పెట్టి, తనని తిట్టకుండా వడ్డించిందని అబ్బులు ఊరంతా చెప్పుకున్నాడు.

తగ్గింది నిజమే కానీ, పాత ఊపిరి మాత్రం తిరిగి రాలేదు. మొదటిసారి చెట్టెక్కినప్పుడు సగంలోనే ఆయాసం వచ్చి, బోదెని కావలించుకుని అక్కడే ఉండిపోయాడు. కింద నుంచి చిన్నమ్మాయి "దిగు మావా, మెల్లిగా దిగు" అని అరుస్తుంటే, పైనున్న మనిషి కళ్ళు మూసుకుని కాసేపు ఊపిరి తీసుకుని దిగాడు. ఆ తరవాత చెట్ల వంక చూడడం మానేశాడు.

అప్పుడు కబురు పెట్టారు పల్లంరాజు గారు.

పల్లంరాజు గారికి కొబ్బరి తోటలున్నాయి, కురిడీ వ్యాపారం ఉంది. కురిడీ అంటే డొక్క, అంటే పై పీచు, తియ్యని కాయల్ని అటక మీద పోసి, లోపలి నీళ్ళు ఇంకి కొబ్బరి గుండులా ఎండేదాకా నెలల తరబడి వదిలేయడం. ఎండాక డొక్క వలిచి, చిప్ప పగలగొట్టి, గుండు తీస్తారు. వాన నెలల్లో ఎండిన గుండ్లకి పచ్చగానూ నల్లగానూ బూజు పడుతుంది. దాన్ని గోనెపట్టా ముక్కతో తుడిచి మెరిసేలా చెయ్యాలి. ఎండలో చేసేది కాదు, బరువులెత్తేదీ కాదు. అటక కింద చల్లగా కూర్చుని చేసుకునే పని.

ఆ పని రాజుగారు ఎవరికి పడితే వారికి ఇవ్వరు. జబ్బుపడి లేచినవాళ్ళకే ఇస్తారు. వాళ్ళ నాన్నగారి నాటి నుంచి వస్తున్న పద్ధతి అది. టీబీ తగ్గి లేచిన మనిషిని ఎండకి పంపకూడదనీ, నీడపట్టున కూర్చోబెట్టి నాలుగు మెతుకులు పెట్టాలనీ ఆ ఇంట్లో అందరికీ తెలుసు. చుట్టుపక్కల ఊళ్ళలో కూడా రాజుగారి అటక కింద చోటు దొరికిందంటే అదృష్టం అనేవారు. అదృష్టమేనని చిన్నమ్మాయి కూడా ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టింది.

అబ్బులు వెళ్ళేసరికి అక్కడ వీరమ్మ ఉండేది. అదే ఊళ్ళో ఉండే ముసలామె సంపూర్ణమ్మ కూతురు. మొగుడు వదిలేస్తే తల్లి దగ్గరికి వచ్చేసింది. ఆమెకీ అంతకు ముందే టీబీ వచ్చి తగ్గింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒళ్ళో గుండు పెట్టుకుని తుడిచేవారు. మధ్యాహ్నం పూట కిటికీలోంచి ఎండ పడితే, ఆ వెలుతురులో ఆకుపచ్చటి ధూళి లేచి తేలుతూ కనబడేదిట. "పసుపు కొట్టినట్టుంటాదే," అని అబ్బులు ఇంటికొచ్చి చెప్పేవాడు. అతని చొక్కా దులిపితే చిన్నమ్మాయికి తుమ్ములొచ్చేవి.

ఏడాది తిరక్కుండానే వీరమ్మకి దగ్గు వచ్చింది. తరవాత రక్తం పడింది. టీబీ తిరగబెట్టిందన్నారు. మాత్రలు సరిగ్గా మింగి ఉండదన్నారు. రోజు విడిచి రోజు తుంటికి ఇంజక్షన్లు మొదలుపెట్టారు. చెవుల్లో హోరని ఏడ్చేది, నడిస్తే తూలిపోయేది. అన్ని సూదులూ పొడిపించుకుని, ఒక పొద్దున్న వాకిట్లోనే రక్తం కక్కుకుని పోయింది. సంపూర్ణమ్మ శవం మీద పడి ఏడుస్తూ, "మాత్రలు పారేశావు కదే, నన్ను మోసం చేశావు కదే" అని గుండెలు బాదుకుంది. విన్నవాళ్ళందరూ నమ్మారు. కన్నతల్లి అన్నాక నమ్మకేం చేస్తారు?

పుష్కరాలు వెళ్ళిన మరుసటి ఏడాది, తొలకరి వానల్లో, అబ్బులు దగ్గి ఉమ్మేసరికి గట్టు మీద ఎర్రగా పడింది. అతను కాలితో మట్టి కప్పేశాడు. చిన్నమ్మాయి చూడనే చూసింది.

మండలం ఆసుపత్రిలో డాక్టరు శరత్‌చంద్ర గారు కుర్రాడు. చెడ్డవాడేం కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బారులు తీరిన జనాన్ని చూసి చూసి మొహం ఎత్తడం మరిచిపోయాడు, అంతే. కళ్ళె రెండుసార్లు పరీక్ష చేయించారు. ఎక్స్‌రే తీయించారు.

"మాత్రలు మధ్యలో మానేశావా?" అని అబ్బుల్ని అడిగారు.

"లేదండి."

"అందరూ అదే చెప్తారు."

"అందరి సంగతీ నాకు తెలీదండి," అంది చిన్నమ్మాయి. "ఈయన సంగతి నాకు తెలుసు. ఒక్కటి మానలేదు. మింగాక నాలిక ఎత్తించి చూశానండి నేను."

"కల్లు తాగుతాడా?"

"అప్పుడు ముట్టుకోలేదండి. ముట్టుకుంటే కాళ్ళు విరగ్గొడతానన్నాను."

పక్కనున్న టీబీ సూపర్‌వైజరు నవ్వాడు. డాక్టరు నవ్వలేదు. "చూడమ్మా, టీబీ తిరగబెట్టింది. రేపట్నుంచి ఇంజక్షన్లు. ఈసారన్నా బుద్ధిగా పూర్తిచెయ్యండి."

"కళ్ళెలో పురుగు కనబడిందాండి?"

"కనబడలేదు. అయినా ఎక్స్‌రేలో మచ్చ ఉంది, రక్తం పడుతోంది. టీబీ కాక ఇంకేంటి?"

"నేనూ అదే అడుగుతున్నానండి. టీబీ కాక ఇంకేంటని మీరు చూశారా?"

బయట వరసలో నిలబడ్డవాళ్ళు కూడా మెడలు సాచారు. శరత్‌చంద్ర గారు మొహం ఎత్తి మొదటిసారి ఆమెని చూశారు. ఆయనకి కోపం వచ్చింది. దానికింద కొంచెం సిగ్గు కూడా ఉందేమో, ఆయనకే తెలియాలి.

"ఇష్టం లేకపోతే తీసుకెళ్ళిపో. రేపు ఏమన్నా అయితే నన్ను అడక్కు."

"అడగనండి," అంది చిన్నమ్మాయి. "వీరమ్మకి ఇదే చెప్పారు, ఇవే పొడిచారు. ఆవిడ పోయాక మీరేమన్నా అడిగారా, ఎందుకు పోయిందీ అని? మావా, లే."

అబ్బులు లేచాడు. గుమ్మం దాటాక, "డాక్టరు గారితో అలా మాట్లాడతారటే?" అని నసిగాడు. ఆమె విననట్టే నడిచింది. బస్సు స్టాండు దాకా వచ్చాక అరుగు మీద కూలబడి మంచినీళ్ళు తాగింది.

రాజమండ్రిలో ఊపిరితిత్తుల డాక్టరు ఒకావిడ ఉందని పంతులమ్మ చెప్పింది. పేరు ఉమాశ్రీ. దానవాయిపేట సందులో చిన్న ఆసుపత్రి. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, రోగుల్ని కసురుతూ చూస్తుంది. చిన్నమ్మాయికి ఆవిడ చూడగానే నచ్చింది.

ఉమాశ్రీ గారు పాత ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చాలాసేపు చూశారు. తరవాత అబ్బుల్ని పక్కకి తిప్పి పడుకోబెట్టి ఇంకో ఫోటో తీయమన్నారు. రెండూ పక్కపక్కన పెట్టి చిన్నమ్మాయిని పిలిచారు.

"ఇటు రా. ఇక్కడ నల్లగా గుండ్రంగా ఉంది చూడు. అది చిల్లు. పాత టీబీ ఊపిరితిత్తిలో చేసిపోయిన చిల్లు. అందులో తెల్లటి ముద్ద కనబడుతోందా? నిలబడి తీసినప్పుడు అడుగున ఉంది. పక్కకి తిరిగి పడుకుంటే ఇటు దొర్లింది."

చిన్నమ్మాయి వంగి చూసింది. నిజమే, దొర్లింది. డబ్బాలో గోళీకాయ దొర్లినట్టు తన మొగుడి రొమ్ములో ఏదో దొర్లుతోంది.

"ఏంటండీ అది?"

"ఫంగస్ అంటాం. మీ భాషలో చెప్పాలంటే బూజు. చిల్లులో చేరి పెరిగి ముద్దకట్టింది. చుట్టూ రక్తనాళాలు చిట్లుతాయి, అందుకే రక్తం. టీబీ మందులు దీన్ని ఏమీ చెయ్యలేవు. సూదులు వెయ్యి పొడిచినా అంతే. రక్తం హైదరాబాద్ పంపిస్తాను, అది కూడా చూద్దాం. ఏం పని చేస్తాడు మీ ఆయన?"

చిన్నమ్మాయి మొగుడి చొక్కా వంక చూసింది. అబ్బులే చెప్పాడు. "కురిడీల బూజు తుడుస్తానండి. నీడపట్టు పని."

ఉమాశ్రీ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఎన్నాళ్ళ నుంచి?"

"జబ్బు తగ్గిన కాడ్నుంచండి. జబ్బు తగ్గినోళ్ళకే ఇస్తారండి ఆ పని. రాజుగారు దయగలోరండి."

ఆవిడ ఈసారి కసరకుండా చెప్పారు. "ఈ బూజు గాలిలో అందరికీ ఉంటుందయ్యా. నేనూ పీలుస్తాను, మీ ఆవిడా పీలుస్తుంది. మాకు ఊపిరితిత్తులు బాగున్నాయి గనక పోతుంది. చిల్లు పడ్డవాడికి అది కాపురం పెడుతుంది. ఆ అటక కిందే పట్టిందని నేను ఒట్టేసి చెప్పలేను. కానీ నీలాంటివాళ్ళు కూర్చోకూడని చోటు లోకంలో ఒకటుందంటే, అది అదే."

"మరి ఈయనతో పాటు అక్కడ ఒకామె ఉండేదండి," అంది చిన్నమ్మాయి. "ఇలాగే పోయింది. మాత్రలు మింగలేదన్నారు."

"అందరినీ అదే అంటారు. అమ్మా, ఈ దేశంలో టీబీ తగ్గినవాళ్ళు లక్షలమంది. వాళ్ళలో ఎంతమందికి ఇలా బూజు పట్టిందో, ఎంతమంది పోయారో, ఒక్కడూ లెక్కపెట్టలేదు. రక్తం కక్కుకుని పోతే టీబీ అని రాస్తాం, మందులు మానేశాడని అంటాం. తెలియక ముందు నేనూ రాశాను. మీ ఆయన మింగాడు. మింగాడు గనకే పురుగు చచ్చింది. మిగిలింది చిల్లు. ఆ చిల్లుని తరవాత ఎవరూ చూసుకోలేదు. తప్పు అక్కడుంది."

వైజాగులో పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేస్తారనీ, హైదరాబాద్ నుంచి రిపోర్టు రాగానే తానే మాట్లాడి రోజు ఖాయం చేయిస్తాననీ, ఈలోగా బరువెత్తొద్దనీ, బూజు దరిదాపుల్లోకి వెళ్ళొద్దనీ చెప్పి మందులిచ్చారు.

తిరిగొస్తుంటే జొన్నాడ వంతెన మీద బస్సు ఆగింది. ముందెక్కడో లారీ అడ్డం పడింది. కింద గోదావరి ఎర్రనీళ్ళతో నిండుగా ఉంది. అబ్బులు కిటికీ ఊచ పట్టుకుని నీళ్ళు చూస్తూ, "అయితే నేను మానలేదని ఆవిడ ఒప్పుకున్నట్టేనా?" అన్నాడు.

"ఆవిడ ఒప్పుకునేదేంటి, నాకు తెలీదా?"

"నీకు తెలుసనుకో. అందరూ అంటుంటే నాకే అనుమానం వచ్చిందే. నిద్రలో ఎప్పుడన్నా కక్కేశానేమో, నాకు తెలీకుండా పారేశానేమో అని. దొంగతనం చెయ్యకుండా దొంగనైపోయినట్టుందనుకో."

రొమ్ములో ముద్ద ఉందని తెలిసిన మనిషి, కోత కొయ్యాలని తెలిసిన మనిషి, ఆ పూట పెళ్ళికొడుకులా ఉన్నాడు. చిన్నమ్మాయికి అతని మీద ప్రేమ పొంగుకొచ్చింది. అంతకు రెట్టింపు కోపం ఎవరి మీదో తెలియకుండా వచ్చింది.

రిపోర్టు వచ్చింది. ఉమాశ్రీ గారు చెప్పిందే నిజమైంది. దసరా వెళ్ళగానే వైజాగు రమ్మన్నారు. అబ్బులు అటకకి వెళ్ళడం మానేసి ఇంటి అరుగు మీద కూర్చుని కొబ్బరాకులు చీల్చి ఈనెలు తీస్తూ చీపుళ్ళు కట్టేవాడు. రాజుగారు మనిషిని పంపారు, ఎందుకు రావడం లేదని. చిన్నమ్మాయి ఉన్నది ఉన్నట్టు చెప్పి పంపింది. ఆ వెళ్ళినవాడు అక్కడేం చెప్పాడో గానీ, అబ్బులికి బద్ధకం పట్టిందని ఊళ్ళో అనుకున్నారు.

దసరాకి ఇంకా నాలుగు రోజులుందనగా, అన్నాలవేళకి, లోపల కూర తిరగమోత వేస్తున్న చిన్నమ్మాయికి అబ్బులు పిలుపు వినబడింది. పిలుపు మామూలుగానే ఉంది. గరిటె పట్టుకునే బయటికొచ్చింది. అతను ముందుకి వంగి రెండు చేతులూ అరుగు మీద ఆన్చి ఉన్నాడు. కట్టిన చీపుళ్ళన్నీ ఎర్రబడి ఉన్నాయి. ఆమె అతని తల ఒళ్ళోకి తీసుకుని ఆటో పిలవమని అరిచింది. ఆటో వచ్చింది, వీధి జనం వచ్చారు. అబ్బులు ఏదో చెప్పాలని చూశాడు గానీ నోటి నిండా రక్తమే. ఆటో ఊరి పొలిమేర దాటకుండానే మనిషి లేడు.

మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడదాన్ని ఊరు ఓదారుస్తుంది. చిన్నమ్మాయిని ఓదార్చలేదు. "ఇంజక్షన్లు వద్దని డాక్టరు మీద లేచొచ్చింది. ఇప్పుడేమైంది?" అన్నారు. అబ్బులు తమ్ముడు శవం దగ్గరే, "వదినే చంపుకుంది మా అన్నని, ఆ నోటితోనే చంపుకుంది" అని ఏడ్చాడు. ఆసుపత్రి సూపర్‌వైజరు వచ్చి టీబీ మరణం అని పైకి తెలియజేస్తానన్నాడు. టీబీ కాదని చిన్నమ్మాయి అంటే, పాపం మతి చలించిందన్నట్టు తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆమె రెండు రోజులు గోడ వైపు తిరిగి పడుకుంది. వాళ్ళన్నది నిజమేనా అని తనని తానే అడిగి చూసుకుంది. ఇంజక్షన్లు పొడిపించి ఉంటే బతికేవాడా? బతికేవాడైతే వీరమ్మ ఎందుకు పోయింది? ఆవిడ ఒక్కటి వదలకుండా పొడిపించుకుంది కదా! పొడిపించుకున్నదీ పోయింది, వద్దన్నవాడూ పోయాడు. పోయినవాళ్ళిద్దరిదే తప్పని ఊరు తేల్చేసింది. ఆ ఆలోచన వచ్చాక చిన్నమ్మాయి లేచి కూర్చుని జుట్టు ముడేసుకుంది.

పెద్దకార్యం నాడు పల్లంరాజు గారు స్వయంగా వచ్చారు. అంతటి మనిషి వచ్చి కూలివాడి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చోవడం అందరికీ గొప్పగా అనిపించింది. ఆయనకి అబ్బులంటే నిజంగానే అభిమానం. కళ్ళు తుడుచుకున్నారు కూడా.

"ఇంజక్షన్లు చేయించుకుని ఉంటే బాగుండేదే," అన్నారు చిన్నమ్మాయితో. "సరే, జరిగిందేదో జరిగింది. నువ్వు బెంగెట్టుకోకు. మూల కూర్చునే నెలలు వెళ్ళాక మా అటక కింద వాడి చోట్లోకి నువ్వే రా. నీడపట్టున కూర్చుని చేసుకోవచ్చు."

"ఎంత దొడ్డ మనసండీ," అన్నారెవరో.

"రానండి," అంది చిన్నమ్మాయి. "నేనే కాదు, టీబీ తగ్గినోళ్ళెవరూ అక్కడ కూర్చోకూడదండి. ఆ బూజే ఆయన ఊపిరితిత్తిలో ముద్దకట్టిందండి. ఫోటోలో నా కళ్ళతో చూశాను. ఆ పని ఆపించండి. ఊపిరితిత్తులు బాగున్నోళ్ళ చేత మూతికి గుడ్డ కట్టించి, బయట గాలిలో చేయించండి."

రాజుగారి మొహం ఎర్రబడింది. "మా నాన్న నాటి నుంచి జబ్బు మనుషుల్ని కూర్చోబెట్టి అన్నం పెట్టాం. ఆ అన్నంలో విషం కలిపామంటావా?"

"విషం అన్లేదండి. మీది దయేనండి, నేను కాదన్లేదు. దయతోటే మంచి చోటనుకుని కూర్చోబెట్టారు. ఇప్పుడు తెలిసింది కదండీ. తెలిశాక కూడా కూర్చోబెడితే దాన్నేమంటారో మీరే చెప్పండి."

"నోర్ముయ్ వదినా!" అని మరిది అరిచాడు. రాజుగారు కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయారు. ఆడవాళ్ళ వెనక కూర్చున్న సంపూర్ణమ్మ కూడా ఎవరితోనూ మాట్లాడకుండా లేచి వెళ్ళిపోవడం చిన్నమ్మాయి చూసింది. తను కూతురి సంగతి మళ్ళీ తవ్వుతోందని ఆమెకి కోపం వచ్చిందనుకుంది.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. మొగుడు పోయిన ఆడది కొన్ని నెలలు గుమ్మం దాటకూడదు. ముఖ్యంగా పొద్దున్నపూట ఎవరి కంటా పడకూడదు. పనికి బయల్దేరినవాళ్ళు ఆమె మొహం చూస్తే వెనక్కి తిరిగి ఇంటికెళ్ళిపోతారు. చూసి కూడా పనిలో దిగితే చేటని అందరికీ భయం. ఆ ఆచారాన్ని తలుచుకుని చిన్నమ్మాయి అంతకు ముందు చాలామంది ఆడవాళ్ళ కోసం బాధపడింది. మర్నాడు తెల్లవారేసరికి దాన్ని నెత్తిన పెట్టుకుని బయల్దేరింది.

బొట్టు లేని మొహంతో, జాకెట్టు మీద వెలిసిన చీర కప్పుకుని వీధి మధ్యగా నడిచింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు వదిలేసి లోపలికి పరిగెత్తారు. పల్లంరాజు గారి అటక గుమ్మానికి అడ్డంగా చతికిలబడింది. లోపలినుంచి మగ్గిన కొబ్బరి వాసన, బూజు వాసన ముక్కుకి కొట్టాయి. కొంగు మూతికి కట్టుకుంది.

పనివాళ్ళు వచ్చారు. దూరాన్నించే చూసి ఆగిపోయారు. ముందున్న సూరిబాబుకి పోయినేడే టీబీ తగ్గింది. కిందటి వారమే అటక కింద కూర్చోబెట్టారు.

"ఇదేం పనే, పొద్దున్నే?" అన్నాడు.

"నా మొహం చూశావు కదా? పనిలోకి వెళ్ళకూడదు. ఇంటికి పో."

"రేపో?"

"రేపూ ఉంటాను. ఎల్లుండీ ఉంటాను. నాకు వేరే పనేముందిరా?"

కబురంది రాజుగారు వచ్చారు. గుమ్మంలో ఆమెని చూసి గబుక్కున మొహం తిప్పుకున్నారు. వేరేవాళ్ళ చేత ఈడ్పించే మనిషి కాదాయన. పైగా ఆమెని ముట్టుకోవడానికి అక్కడెవరికీ ధైర్యం లేదు.

"ఆచారం మంటగలిపావు. నీకు సిగ్గు లేదా?"

"లేదండి. సిగ్గుపడి మూల కూర్చుంటే ఈ సూరిబాబు వచ్చే ఏడు ఇలాగే పోతాడండి. అప్పుడు వీడు కూడా మాత్రలు మానేశాడంటారు."

అప్పుడు వీధి చివర్నించి సంపూర్ణమ్మ రావడం కనబడింది. కర్ర పట్టుకుని, ఆయాసపడుతూ వస్తోంది. ఈవిడన్నా గడ్డి పెడుతుందని అందరూ దారిచ్చారు. ఆమె నేరుగా చిన్నమ్మాయి ఎదటికొచ్చి నిలబడింది.

"రాత్రంతా నిద్ర లేదే నాకు. నిజం చెప్పు. అయితే మా వీరమ్మ మాత్రలు మింగిందంటావా?"

"మింగింది పిన్నీ. అన్నీ మింగింది. మింగినా పోతారు. డాక్టరమ్మ చెప్పింది."

సంపూర్ణమ్మ కర్ర మీద బరువంతా ఆన్చింది. "పోయే ముందు రోజు నా తల మీద చెయ్యి పెట్టబోయిందే," అంది. "నీ మీద ఒట్టమ్మా, ఒక్కటి మానలేదమ్మా అంది. దొంగ ఒట్లు వెయ్యకే అని చెయ్యి విదిలించి కొట్టాను. మళ్ళీ మాట్లాడలేదు నాతో. అలాగే పోయింది."

సూరిబాబు తల గోడకి ఆన్చుకున్నాడు. చిన్నమ్మాయి లేచి పట్టుకోబోయింది. ముసలామె వద్దన్నట్టు చెయ్యి ఊపి, కర్ర పక్కన పడేసి, ఆమె పక్కనే గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుని తలెత్తింది.

"రాజుగారూ! మా అమ్మాయి మాత్రలన్నీ మింగిందండి. ఒక్కటి కూడా మానలేదండి."

వీధి వీధంతా వినబడేలా అంది. తలుపుల వెనక నక్కినవాళ్ళకి కూడా వినబడాలని ఇంకోసారి అంది.